మా ఇంటి గుర్రాలు: వచ్చినవాళ్ళందరూ అడిగే ప్రశ్నలు

చేవెళ్ళ దగ్గర మాకు చిన్న తోట ఉంది. అందులో రెండు గుర్రాలు. రాణి పదకొండేళ్ళ కాఠియావాడీ ఆడగుర్రం, దాని చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుతుంటాయి. బాద్షా రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్, విత్తులు తీసిన మగ గుర్రం. వీటి పని చూసేది మేం ఐదుగురం: నేను, మా ఆయన, పద్నాలుగేళ్ళ మా అబ్బాయి, తొమ్మిదేళ్ళ పాప, డెబ్భై ఆరేళ్ళ మా మామగారు. పగలంతా కనిపెట్టుకుని ఉండే సాయీసు ఒకాయన ఉన్నాడు, పిల్లలు ఆయన్ని చాచా అంటారు. ఆదివారం వచ్చిందంటే ఎవరో ఒకరు చూడ్డానికి వస్తారు. ఎవరొచ్చినా అవే ప్రశ్నలు. ఒకచోట రాసి పెడితే నా గొంతు మిగులుతుందని కూర్చున్నాను.

రోజూ స్వారీ చేస్తారా?

లేదండీ. వారానికి మూడు నాలుగు రోజులు, అదీ అరగంటో ముప్పావుగంటో. మిగతా టైమంతా రుద్దడం, దువ్వడం, గిట్టలు గోకడం, లద్దె ఎత్తడం, నీళ్ళ తొట్టి కడగడం. మొదట్లో మా అబ్బాయి "గుర్రం ఎక్కిస్తారనుకుంటే చీపురు చేతికిచ్చారేంటమ్మా" అని మొహం మాడ్చుకున్నాడు. ఇప్పుడు సెలవు రోజైనా సరే ఐదున్నరకల్లా లేచి లాయం తలుపు తీసేది వాడే. చదువుకి అలా లేస్తే ఎంత బావుండునో.

అడవిలో గుర్రాలకి ఎవరు రుద్దుతున్నారు? మీరెందుకు రోజూ రుద్దాలి?

ఈ ప్రశ్న మా బంధువుల్లో ఒకాయన ప్రతిసారీ అడుగుతారు. బయట తిరిగే గుర్రం దుమ్ములో దొర్లుతుంది, చెట్టుకి రాసుకుంటుంది, జత గుర్రంతో ఎదురెదురుగా నిలబడి ఒకదాని మూపు ఒకటి పళ్ళతో గోక్కుంటాయి. లాయంలో కట్టేసిన గుర్రానికి ఆ అవకాశాలన్నీ మనం తీసేశాం. పైగా దాని వీపు మీద జీను వేస్తాం. జీను కింద చిన్న మట్టిపెళ్ళ ఉన్నా అరగంటలో చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది.

కానీ అసలు కారణం అది కాదు. గుర్రం తన బాధ దాచుకునే జంతువు. వేటాడే జంతువు కంటపడకుండా బతకాల్సిన జాతి కదా, కుంటుతున్నట్టు వీలైనంత వరకూ కనిపించనివ్వదు. కంటికి దొరకనిది చేతికి దొరుకుతుంది. రోజూ ఒళ్ళంతా తడిమితే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలిసిపోతుంది.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా పాప బాద్షా ముందుకాలు రుద్దుతూ ఆగిపోయింది. "అమ్మా, ఈ కాలు వేడిగా ఉంది, ఆ కాలు లేదు" అంది. నేను పట్టి చూస్తే నాకేమీ తెలియలేదు. మామగారు వచ్చి కళ్ళు మూసుకుని రెండు చేతులతో రెండు చీలమండలూ ఒకేసారి పట్టుకున్నారు. "పిల్ల చెప్పింది నిజమే" అన్నారు. వెంట్రుకల్లోకి వేళ్ళు పోనిచ్చి వెతికితే తుమ్మముల్లు విరిగి లోపలుంది, పైకి చుక్కంత నల్లటి మచ్చ. డాక్టరుగారు వచ్చి తీశారు. అప్పటికి గుర్రం ఇంకా కుంటడం కూడా మొదలుపెట్టలేదు. మర్నాటినుంచీ మా పాప తనే డాక్టరన్నట్టు తిరిగింది, అది పడలేక చచ్చాం.

మామగారికి ఇవన్నీ ఎలా తెలుసు?

వాళ్ళ నాన్నగారు తెనాలిలో జట్కా తోలేవారు. గుర్రానికి మాలీసు చేశాకే ఇంట్లో పిల్లలకి కాఫీ అట. జట్కాలు పోయి రిక్షాలు, రిక్షాలు పోయి ఆటోలు వచ్చాయి. ఈయన లెక్కల మాస్టారయ్యారు. యాభై ఏళ్ళ తర్వాత రాణి మా తోటకి వచ్చిన రోజు, చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి, దాని మూపు మీద గోటితో నెమ్మదిగా గోకారు. అది మెడ చాచి పైపెదవి వణికించింది. చెయ్యి మర్చిపోలేదన్నమాట.

ఏ వరసలో రుద్దాలి? ఏమేం సామాన్లు కావాలి?

పెద్ద పెట్టె కొనక్కర్లేదు. రబ్బరు పళ్ళ ఖరారా ఒకటి, గట్టి కుచ్చు బ్రష్ ఒకటి, మెత్తటి బ్రష్ ఒకటి, గిట్ట గోకే ఇనప కొక్కెం, పాత నూలు పంచె ముక్కలు. ఖరారా అంటే ఒళ్ళు రుద్దే పళ్ళ దువ్వెన, సాయీసుల మాట. రేకు పళ్ళవి కూడా దొరుకుతాయి గానీ వాటిని ఒంటి మీద వాడకండి, బ్రష్‌లో చిక్కుకున్న దుమ్ము దులపడానికే పనికొస్తాయి.

కట్టేటప్పుడు కొస లాగితే ఊడిపోయే ముడి వేయాలి. గుర్రం బెదిరి వెనక్కి గుంజిందంటే పీటముడి విప్పేలోపు మెడో వేళ్ళో పోతాయి. తాడు చేతికి చుట్టుకోవడం మా ఇంట్లో పెద్ద నేరం. పిల్లలు అలా చుట్టుకుని కనబడితే ఆ రోజుకి వాళ్ళకి లాయంలో ప్రవేశం లేదు.

మొదలుపెట్టేది ఎడమ వైపు మెడ నుంచి. గుర్రాల్ని ఎడమ నుంచే సమీపించడం పాత అలవాటు. కత్తి ఎడమ నడుముకి వేలాడే రోజుల్లో సైనికులు ఆ వైపు నుంచే ఎక్కేవాళ్ళట. ఖరారాతో గుండ్రంగా, కండ ఉన్నచోటే రుద్దాలి: మెడ, భుజం, డొక్క పైభాగం, పిర్ర. మోకాళ్ళ కిందా మొహం మీదా వాడకూడదు, అక్కడ చర్మం కింద ఎముకే. దుమ్ము, చుండ్రు, రాలిన వెంట్రుక అంతా పైకి తేలుతుంది. తర్వాత గట్టి బ్రష్‌తో వెంట్రుక పడుకున్న వైపు ఒక్కో దెబ్బ విదిలించినట్టు కొట్టాలి. ఎండ పడుతుంటే ఆ దుమ్ము బంగారప్పొడిలా లేస్తుంది. కాసేపటికి అదే మన ముక్కులో నల్లగా దిగుతుందనుకోండి. చివర్లో మెత్తటి బ్రష్, దానితో ఒంటి నూనె వెంట్రుక పొడవునా పాకుతుంది. మెరుపు అక్కడి నుంచే వస్తుంది గానీ కొబ్బరినూనె పూస్తే రాదు. నూనె పూశారంటే దుమ్మంతా అంటుకుని గుర్రం అప్పడంలా తయారవుతుంది.

కళ్ళకీ ముక్కుకీ ఒక తడిగుడ్డ, తోక కింద తుడవడానికి వేరే గుడ్డ. ఈ రెండూ కలిసిపోకుండా మా ఆయన ఎర్రది, తెల్లది అని పెట్టారు. తోక దువ్వేటప్పుడు వెనక నిలబడొద్దు. పక్కకి నిలబడి తోకని మన వైపు లాక్కోవాలి. చిక్కు వేళ్ళతో విడదీయాలి. దువ్వెనతో లాగితే ఊడిన ప్రతి వెంట్రుకా మళ్ళీ అంత పొడవు రావడానికి ఏళ్ళు పడుతుంది.

ఒక్కో గుర్రానికి నలభై నిమిషాలు. రాణికి ఎడమ చెవి వెనక ఒక చోటు ఉంది, అక్కడ రుద్దితే కింద పెదవి వేలాడేసి కళ్ళు సగం మూస్తుంది. మూపు దగ్గర నెమ్మదిగా గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుంది. ఆ కాసేపు రుద్దే మనిషి కూడా ఫోన్ సంగతి మర్చిపోతాడు.

గిట్టలు గోకకపోతే ఏమవుతుంది?

గిట్ట అడుగున మధ్యలో త్రికోణంలా రబ్బరు మాదిరి మెత్తటి భాగం ఉంటుంది. దానికి రెండు పక్కలా లోతైన గాడి. లద్దె, తడిమట్టి, రాళ్ళు ఇరుక్కునేది అక్కడే. గోకకుండా వదిలేస్తే లోపల కుళ్ళి, నల్లటి చెమ్మ కారుతుంది. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్ళు జన్మలో మర్చిపోరు. మడమ వైపు నుంచి కొన వైపుకి గోకాలి, కొక్కెం మెత్తటి భాగంలో గుచ్చకూడదు. స్వారీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి.

కాలు ఎత్తించడానికి గుంజాల్సిన పని లేదు. భుజం నుంచి కిందికి చెయ్యి జార్చుకుంటూ వచ్చి, కాలి వెనక నరం దగ్గర చిన్నగా నొక్కి, "పా" అంటే రాణి ఎత్తుతుంది. బాద్షా ఎత్తుతాడు గానీ బరువంతా మన మీద వాల్చేస్తాడు, దొంగ వెధవ.

లాడం కొడితే నొప్పి కదా? పాపం!

గిట్ట బయటి గోడ మన గోరు లాంటిదే. మేకులు అందులోనే దిగి పక్కనుంచి బయటికి రావాలి. చెయ్యి తిరిగిన నాల్బంద్, అంటే లాడాలు కొట్టేవాడు, కొడితే గుర్రానికి తెలియదు. మేకు కాస్త ఎక్కువ లోపలికి పోయిందా, అప్పుడు నొప్పే, చీము కూడా పడుతుంది. గిట్ట నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి లాడం ఊడదీసి, గిట్ట చెక్కి, మళ్ళీ కొట్టాలి. తోటలో మెత్తటి నేల మీదే తిరిగే రాణికి లాడాలు లేవు, చెక్కడం మాత్రం తప్పదు. మంచి నాల్బంద్ దొరకడం మంచి సంబంధం దొరకడం కన్నా కష్టం. దొరికితే వదలకండి.

పాత లాడం ఒకటి ఇస్తారా? గుమ్మానికి కొట్టుకుంటాం.

ఇస్తాం. నల్ల గుర్రానిదే కావాలి, శనివారమే కావాలి అంటే మాత్రం మా దగ్గర లేదు. మా రెండూ గోధుమ రంగువే.

సుడులు చూసే కొన్నారా?

రాణిని తెచ్చిన రోజు మా ఊరి పెద్దాయన ఒకరు దాని నుదురు, మెడ, డొక్క అంతా వెతికి, ఫలానా చోట సుడి ఉంది, ఇంటాయనకి మంచిది కాదన్నారు. మా ఆయనకి టెన్షన్ పట్టుకుంది. మామగారు తేల్చేశారు: "సుడి వెంట్రుక మొలిచే తీరు. దాని కాళ్ళు చూడు, పళ్ళు చూడు, కళ్ళు చూడు." ఆరేళ్ళయింది, మా ఆయన బాగానే ఉన్నారు, కాస్త పొట్ట వచ్చిందంతే. సుళ్ళు పనికొచ్చేది గుర్తుపట్టడానికి. ఏ రెండు గుర్రాలకీ అచ్చం ఒకేలా ఉండవు కాబట్టి గుర్రం కాగితాల్లో బొమ్మ గీసి మరీ వాటి చోటు గుర్తు పెడతారు.

పిల్లల్ని దగ్గరికి పంపడం ప్రమాదం కాదా? తంతుంది, కరుస్తుంది కదా?

రెండూ చేయగలదు. ఐదు వందల కిలోల ప్రాణి అది, కోపంతో కాకపోయినా పొరపాటున కాలు తొక్కితే వేళ్ళు నలిగిపోతాయి. అందుకే మూసిన బూట్లు లేకుండా మా లాయంలోకి ఎవర్నీ రానివ్వం. మంత్రిగారైనా అంతే.

గుర్రం కళ్ళు తలకి రెండు పక్కలా ఉండడంతో దాదాపు చుట్టూతా కనబడుతుంది. కనబడనివి రెండు చోట్లే: సరిగ్గా తోక వెనక, నుదుటికి మరీ ఎదురుగా. పిల్లలు వెళ్ళేది సరిగ్గా ఆ రెండు చోట్లకే! ఎదురుగా పరుగెత్తి మొహం నిమరబోతారు, లేదా వెనకనుంచి తోక పట్టుకుంటారు. మేం నేర్పిందల్లా పేరు పిలుస్తూ, భుజం వైపు నుంచి, చెయ్యి మెడ మీద వేస్తూ వెళ్ళమని. వెనకనుంచి అటు వైపుకి దాటాలంటే చెయ్యి ఒంటి మీంచి తీయకుండా బాగా ఆనుకుని దాటాలి, లేదంటే చాలా దూరంగా పోవాలి. తన్నుకి బలం వచ్చేది మధ్య దూరంలోనే. గిట్టల దగ్గర పనికి వంగొచ్చు గానీ కూర్చోకూడదు, మోకాళ్ళ మీద ఉండకూడదు. లేచి పారిపోవడానికి టైమ్ ఉండదు.

చెవులు వెనక్కి అతుక్కున్నాయంటే చేసేది ఆపి ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. పెట్టేదేదైనా అరచేయి చాపి మీద పెట్టి ఇవ్వాలి. వేళ్ళతో పట్టుకుని ఇస్తే వేలికీ క్యారట్‌కీ తేడా దానికెలా తెలుస్తుంది? ఎక్కేటప్పుడు హెల్మెట్ తప్పనిసరి. రుద్దేటప్పుడు కూడా మా పాపకి పెడతాం.

ఏం పెడతారు? ఉలవలేనా?

గుర్రమనగానే మనవాళ్ళకి గుగ్గిళ్ళే గుర్తొస్తాయి. మా దగ్గరా ఉన్నాయి. చలికాలంలో రాత్రంతా నానబెట్టిన ఉలవలు ఉడికించి, ఉప్పు వేసి, చల్లార్చి, ఒక్కోదానికి రెండు దోసిళ్ళు. ఆ కుండ పొయ్యి మీదుంటే వాసనకి మా పిల్లలు కూడా గిన్నెలు పట్టుకొస్తారు. కానీ గుర్రం అసలు తిండి గడ్డి. దాని పొట్ట చిన్నది, ఒళ్ళు చూసి మోసపోకండి, మహా అయితే పదిహేను లీటర్లు పడుతుంది. రోజంతా కొంచెం కొంచెంగా నములుతూ ఉండడానికి చేసిన పొట్ట. నాలుగైదు గంటలు ఖాళీగా ఉంచితే అందులో ఊరే యాసిడ్‌తో పుండ్లు పడతాయి. రేసు గుర్రాల్లో ఇది మరీ ఎక్కువ.

రోజుకి దాని బరువులో రెండు శాతం దాకా ఎండుమేత. అంటే బాద్షాకి తొమ్మిది కిలోల పైన. మేం రోడ్స్ గడ్డి, కొంచెం లూసర్న్ వాడతాం. వరిగడ్డిలో సత్తువ తక్కువ, కాలక్షేపానికి నమలడానికి పర్లేదు. గడ్డి తర్వాత ఓట్స్, బార్లీ, ఉప్పుగడ్డ. తవుడు మితంగానే, దాన్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. తవుడే తిండిగా బతికిన గుర్రానికి ఎముకలు గుల్లబారి మొహం ఉబ్బుతుంది. ఏది మార్చినా వారం, పది రోజులమీద మెల్లగా మార్చాలి.

పక్కింటి గేదెల దాణా ఎప్పుడూ పెట్టొద్దు. కొన్ని పశువుల దాణాల్లో, కోళ్ళ దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. కోడికి మేలు చేసేది గుర్రం గుండె కండరాన్ని చంపేస్తుంది, కొంచెం చాలు. బూజు పట్టిన మొక్కజొన్న మెదడుని దెబ్బతీస్తుంది. గన్నేరు ఆకు, ఆముదం గింజలు విషం. మా తోట కంచె పొడవునా ఉన్న గన్నేరు చెట్లన్నీ కొట్టించేశాం. పూజకి పూలెలా అని మా అత్తయ్యగారి అక్కయ్య ఇప్పటికీ అలుగుతారు.

తోటలో సుబాబుల్ ఉంది, మేకలు తింటున్నాయి కదా, గుర్రానికి పెట్టొచ్చా?

మేం పెట్టాం, అందుకే చెబుతున్నాను. ఎండాకాలం పచ్చిమేత దొరక్క, ఊరికే పచ్చగా నిలబడ్డ కొమ్మలు కొట్టి రాణికి వేశాం. ఇష్టంగా తింది. మూడు నాలుగు వారాలకి తోక దువ్వుతుంటే మా అబ్బాయి చేతిలోకి గుప్పెడు వెంట్రుకలు వచ్చాయి. గట్టిగా లాగావని వాణ్ణి తిట్టాను. మర్నాడు నేను వేళ్ళతో విడదీస్తే నా చేతిలోకీ అంతే. జూలు మధ్యలో చర్మం కనబడసాగింది. షాంపూ మార్చాం, పేలు అనుకున్నాం, దిష్టి కూడా తీశాం. డాక్టరుగారు వచ్చి ఒకే ఒక్క మాట అడిగారు: "మేత ఏం మార్చారు?"

సుబాబుల్‌లో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది. మేకల, పశువుల కడుపులో నెమరువేసే అరలో దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఉండొచ్చు. గుర్రానికి ఆ అరే లేదు. జూలు, తోక ఊడడం దానికి మొదటి గుర్తు. ఆకు ఆపేశాక కొత్త వెంట్రుక వచ్చింది గానీ, తోక మళ్ళీ పాత పొడవుకి రావడానికి రెండేళ్ళు దాటింది. మా అబ్బాయికి సారీ చెప్పాను. వాడు ఇప్పటికీ వాడుకుంటాడు ఆ సంగతి.

నిజంగా గుర్రం పళ్ళు తోముతారా?

గుడ్డి గుర్రాల పళ్ళు తోముతున్నారా అని మా ఆయన ఆఫీసులో ఆటపట్టిస్తారు. తోమం, ఆకురాయితో అరగదీయిస్తాం, ఏడాదికోసారి. గుర్రం పళ్ళు వయసుతో పాటు బయటికి వస్తూనే ఉంటాయి, అడ్డంగా నమలడం వల్ల అంచులు సూదిగా తేలి బుగ్గలు కోసేస్తాయి. గింజ నోట్లోంచి రాలిపోతున్నా, తల ఓరగా పెట్టి నములుతున్నా అనుమానించాలి.

మన ఎండలకి తట్టుకుంటాయా?

తట్టుకుంటాయి, నీడా నీళ్ళూ ఉంటే. మామూలు రోజుల్లో ఒక్కోటి పాతిక నుంచి నలభై లీటర్లు తాగుతుంది, మే నెలలో ఇంకా పైనే. చెమటతో ఉప్పు పోతుంది కాబట్టి ఉప్పుగడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. స్వారీ అంటే పొద్దున్న ఏడులోపే. వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్ళు పోస్తే కాళ్ళు పట్టేస్తాయన్నది పాత భయం. నిజానికి ధారాళంగా పోయాలి, పోస్తూ ఉండాలి.

కాకినాడలో ఉండే మా తమ్ముడు తనూ ఒకటి పెంచుతానన్నప్పుడు మాత్రం ఒక జాగ్రత్త చెప్పాను. ఉక్కపోత ఊళ్ళలో కొన్ని గుర్రాలకి చెమట పట్టడమే ఆగిపోతుంది. ఒళ్ళు పొడిగా, ఊపిరి మాత్రం కుక్కలా. అలాంటిదాన్ని చల్లటి చోటికి మార్చడమే దారి. అందుకే మేం రుద్దేటప్పుడు మెడ కింద, తొడల మధ్య తడి ఉందా లేదా అని కూడా చూస్తాం.

వానాకాలంలో?

రుద్దడం రెట్టింపు, స్నానం సగం. తడి ఒంటి మీద నిలిస్తే వీపు మీద పొక్కులు పెచ్చులు కడతాయి, వెంట్రుక కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తుంది. కింద ఊకో రంపపు పొట్టో పొడిగా ఉండాలి. జోరీగలు, పిడుదుల కాలం కూడా ఇదే. జోరీగ కుట్టడంతో సర్రా అనే జ్వరం వస్తుంది. చెవుల లోపల, తోక మొదట్లో, గజ్జల్లో రోజూ వేళ్ళతో వెతికి పిడుదులు ఏరేయాలి. ఈ పని చాచాకి వచ్చినంత బాగా మాకెవరికీ రాదు, చూడకుండానే ఏరతాడు.

కడుపునొప్పి వస్తే గుర్రం చచ్చిపోతుందంటారు, నిజమా?

చచ్చిపోవచ్చు. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది వెనకనుంచే బయటికి రావాలి, దారిలో అడ్డంపడినా పేగు మెలికపడినా ఇక గంటల లెక్కే. కాలితో నేల గోకడం, తిరిగి తిరిగి డొక్క చూసుకోవడం, మేత ముట్టకపోవడం, పడుకోవడం లేవడం, దొర్లడం, లద్దె వేయకపోవడం: వీటిలో రెండు కనిపించినా డాక్టరుకి ఫోన్ చేయండి. ఫోన్ చేసే ముందు లెక్క చూసి పెట్టుకుంటే ఆయనకి సాయం. నిమిషానికి గుండె మామూలుగా 28 నుంచి 44 సార్లు, ఊపిరి 8 నుంచి 16, ఒంటి వేడి 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ లోపు. మా అబ్బాయి ఈ మూడూ లాయం తలుపు మీద సుద్దతో రాశాడు, ప్రతి దసరాకి రంగేశాక మళ్ళీ రాస్తాడు.

డాక్టరు వచ్చేలోపు మేత తీసేయండి. నెమ్మదిగా నడిపించండి, బలవంతంగా కాదు. వెదురు గొట్టంతో నూనె పోయమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపునొప్పి తగ్గినా గుర్రం దక్కదు. డాక్టరు ముక్కులోంచి పొట్టదాకా గొట్టం వేసి పోస్తారు, అది వేరే సంగతి.

గుర్రం జబ్బులు మనుషులకి వస్తాయా?

ముఖ్యంగా భయపడాల్సింది గ్లాండర్స్. ముక్కునుంచి చిక్కటి చీమిడి, చర్మం మీద గడ్డలు, పుండ్లు. మనిషికి అంటితే ప్రాణం మీదికి వస్తుంది. రక్త పరీక్షలో తేలితే 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద ఆ గుర్రాన్ని ప్రభుత్వ వైద్యుల చేత చంపించాలి, యజమానికి పరిహారం ఇస్తారు. గుర్రాల మీద పరిశోధనకే హర్యానాలోని హిసార్‌లో జాతీయ కేంద్రం ఉంది, ఈ పరీక్షల్లో వాళ్ళదే పెద్ద చెయ్యి. కొత్త గుర్రాన్ని కొనేముందు గ్లాండర్స్ పరీక్ష కాగితం అడగండి, వచ్చాక కొన్ని వారాలు విడిగా కట్టండి.

ధనుర్వాతం టీకా మాత్రం గుర్రానికీ, రుద్దే మనుషులకీ ఇద్దరికీ వేయించాలి. ఆ జబ్బుకి గుర్రం అంత సులువుగా దొరికే జంతువు ఇంకోటి లేదు, చిన్న మేకు గాయం చాలు. వీధికుక్కలు తిరిగే చోటైతే రేబీస్ టీకా కూడా.

నిలబడే నిద్రపోతుందా?

కునుకు నిలబడే తీస్తుంది, కాళ్ళ కీళ్ళు బిగించుకుని. గాఢనిద్రకి మాత్రం పడుకోవాల్సిందే, రోజులో కాసేపైనా. పొద్దున్న రుద్దేటప్పుడు డొక్కకి ఊక అంటుకుని ఉందంటే రాత్రి హాయిగా పడుకుందన్నమాట. మూడు నాలుగు రోజులు ఊక కనబడకపోతే ఎక్కడో నొప్పి, లేదా భయం.

బరువు ఎలా చూస్తారు? కాటా ఉందా?

దర్జీ టేపు ఉంది. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతని దానితోనే హెచ్చించి, భుజం మొన నుంచి పిర్ర మొన దాకా ఉన్న పొడవుతో మళ్ళీ హెచ్చించి, 11,880తో భాగించాలి. కొలతలు సెంటీమీటర్లలో, జవాబు కిలోల్లో. బాద్షా చుట్టుకొలత 184, పొడవు 162, కాబట్టి సుమారు 462 కిలోలు. మామగారు నోటి లెక్కతో చెప్పేస్తారు, పిల్లలు క్యాలిక్యులేటర్ తీస్తారు. నులిపురుగుల మందు మోతాదుకి ఈ లెక్కే ఆధారం.

రేసుల నుంచి రిటైరైన గుర్రం చవగ్గా వస్తుందట, తీసుకోవచ్చా?

మలక్‌పేటలో రేసులు నడుస్తున్నాయి, కాబట్టి హైదరాబాద్ చుట్టుపక్కల రిటైరైన గుర్రాలు దొరుకుతాయి. రెండేళ్ళకే పరుగు మొదలుపెట్టి ఐదారేళ్ళకి ఇంటికి వచ్చేవీ ఉంటాయి. గుర్రం ఆయుష్షు పాతికేళ్ళ పైమాటే. చవక కొనడం వరకే. మిగతా ఇరవై ఏళ్ళూ మనమే పెట్టాలి. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని ఊరికే అన్నారా?

బాద్షా వచ్చిన మొదటి రెండు నెలలు మేం జీనే వేయలేదు. పొద్దునా సాయంత్రం రుద్దడమే. చెయ్యి డొక్క మీదికి పోతే చాలు ఒళ్ళు బిగించేవాడు, తోక విసిరేవాడు. మొదటి వారం ఖరారా బదులు ఉత్త అరచేత్తో రుద్దాం. ఒకరోజు మా ఆయన రుద్దుతుంటే ఉన్నట్టుండి తల దించి, ముక్కులోంచి పొడుగ్గా గాలి వదిలి, ఒక వెనకకాలు మడిచి నిలబడ్డాడు. మా ఆయన కదిలితే ఎక్కడ మెలకువ వస్తుందో అని ఇరవై నిమిషాలు అలాగే చెయ్యి పెట్టి ఉండిపోయారు. ఆ రోజు ఆఫీసుకి లేటు. కొత్తగా గుర్రం పెట్టుకునేవాళ్ళయితే రేసు గుర్రంతో మొదలుపెట్టకండి, నెమ్మదైన నాటు గుర్రం చూసుకోండి.

నెలకి ఖర్చెంత?

రెండింటికీ కలిపి, సాయీసు జీతంతో సహా, మాకు నలభై వేల దాకా అవుతోంది. డాక్టరు ఖర్చు వేరే. కారు ఈఎంఐ లేదు మాకు, కారు పాతదే. ఒకటే గుర్రాన్ని పెంచితే సగం అవుతుంది కదా అంటారు. అవదు. పైగా గుర్రం ఒంటరిగా ఉండలేదు, కనీసం ఒక మేకో గాడిదో తోడుండాలి.

లద్దె ఏం చేస్తారు?

కుప్పేసి మూడు నాలుగు నెలలు మాగబెట్టి కూరగాయ మడులకి వేస్తాం. పచ్చిది వేస్తే వేడికి మొక్కలు మాడతాయి. బస్తాలు తెచ్చుకుంటే ఊరికే ఇస్తాం, మీరే నింపుకోవాలి.

పెళ్ళి బారాత్‌కి ఇస్తారా?

ఇవ్వం. డీజే, టపాకాయలు, దాని మీద భయంతో బిగుసుకుపోయిన పెళ్ళికొడుకు. బాద్షా సంగతి తెలిసిన వాళ్ళెవరూ ఆ పెళ్ళికొడుక్కి అంత ద్రోహం తలపెట్టరు.

మా పిల్లల్ని తీసుకొచ్చి ఒకసారి రుద్దించొచ్చా?

రండి. ఆదివారం పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది వరకు, ముందు ఫోన్ చేసి. మూసిన బూట్లు, పొడవు ప్యాంటు. సెంటు పూసుకోవద్దు, గొడుగు టప్పున తెరవొద్దు. క్యారట్లు తెస్తే చక్రాల్లా కాకుండా నిలువుగా చీల్చి తెండి, గుండ్రటి ముక్క గొంతులో అడ్డంపడుతుంది. మొదట రాణి దగ్గరికే పంపుతాం. ఖరారా ఎలా పట్టుకోవాలో మా పాప చూపిస్తుంది. మీ పిల్లలకి తను చెప్పినట్టే వినమని ముందే చెప్పి తీసుకురండి, అక్కడ ఆవిడే హెడ్‌మిస్ట్రెస్.